కొత్త కరెన్సీ గుర్తు మీ సిస్టంలో సరిగ్గా పడాలంటే: ₹ మొదలు సౌదీ రియాల్ దాకా

"బిల్లులో రూపాయి గుర్తు బదులు డబ్బా వస్తోంది, ఏం చేయాలి?" వారానికి ఒక్కరైనా నన్ను ఈ మాట అడుగుతారు. షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లు, డీటీపీ పని చేసేవాళ్లు, చిన్న వెబ్‌సైట్లు నడిపేవాళ్లు. సౌదీలో రియాల్‌కు కొత్త గుర్తు వచ్చాక అక్కడ అకౌంట్స్ పని చేసే మనవాళ్లు కూడా తోడయ్యారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ₹ అంటే మనకు ఒక బొమ్మ. కంప్యూటరుకు మాత్రం అది మూడు వేరువేరు సంగతులు: ఒక నంబరు, ఆ నంబరుకు ఫాంటులో ఉండే రూపం, ఆ నంబరును టైప్ చేయించే కీ. ఈ మూడూ ముగ్గురు వేరువేరు మనుషుల చేతుల్లో ఉంటాయి. ఒకటి కుదిరి ఇంకొకటి కుదరకపోతే డబ్బాలు, ప్రశ్నార్థకాలు పడతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎంఎస్ వర్డ్ ఉన్న కంప్యూటరు ఒకటి. లిబ్రె ఆఫీస్ రైటర్ అయినా పర్లేదు.
- మీ బిల్లో, వెబ్ పేజీయో వాడే ఫాంటు పేరు.
- డేటాబేస్ ఉంటే దాని సెట్టింగులు చూసే అనుమతి. లేకపోతే ఆ అనుమతి ఉన్న మనిషి ఫోను నంబరు.
- గుర్తు నంబరు, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో దానికున్న నంబరు. ₹ నంబరు 8377. కంప్యూటరు వాళ్ల పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) రాస్తే 20బి9. ఇక్కడ బి అంటే కీబోర్డు మీద ఉండే ఇంగ్లీషు బి అక్షరమే.
- బ్యాకప్. ఇది చెప్పాలా అనుకోకండి, చెప్పాల్సిందే.

ఏం కనిపిస్తోందో చూసి, జబ్బు ఎక్కడుందో పట్టండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. డబ్బా కనిపించగానే డేటాబేస్ మీద పడతారు, ప్రశ్నార్థకం కనిపించగానే ఫాంటు మారుస్తారు. అసలు సంగతి ఇలా ఉంటుంది.

ఖాళీ డబ్బా పడితే మంచి వార్తే. నంబరు క్షేమంగా ఉంది, ఫాంటులో దానికి రూపం లేదు, అంతే. ఫాంటు మారిస్తే సరిపోతుంది.

నెత్తిన టోపీ పెట్టుకున్న ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన కామా లాంటిది, ఆ పక్కన పైకి ఎక్కిన చిన్న ఒకటి ఇలా మూడు చెత్త అక్షరాలు వరుసగా పడితే, ఫైలును రాసినవాడు ఒక పద్ధతిలో రాశాడు, చదివినవాడు ఇంకో పద్ధతిలో చదివాడు అని అర్థం. అక్షరాల నంబర్లను ఫైలులో రాసే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ₹కు మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటినీ మూడు అక్షరాలుగా చదివితే ఈ అవతారం వస్తుంది. డేటా ఇంకా బతికే ఉంది కానీ, అదే స్థితిలో సేవ్ కొట్టారో మొదటికే మోసం.

ప్రశ్నార్థకం పడితే మాత్రం టెన్షన్ పడాల్సిందే. దారిలో ఎవరో ₹ అనే నంబరు తమ జాబితాలో లేదని దాన్ని తీసేసి ? పెట్టారు. అసలు నంబరు పోయింది. ఫాంటులు ఎన్ని మార్చినా తిరిగి రాదు.

అంకె ముందు చిన్న ఒకటి పడితే, అంటే ₹500 ఉండాల్సిన చోట ¹500 కనిపిస్తే, అన్నిటికన్నా ప్రమాదం అదే. దాని సంగతి 6వ మెట్టులో వివరంగా చెబుతాను.

1. నంబరు సరైనదో కాదో తేల్చుకోండి

అనుమానం ఉన్న గుర్తును కాపీ చేసి వర్డ్‌లో అతికించండి. కర్సర్ సరిగ్గా దాని వెనుక పెట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. గుర్తు పోయి దాని నంబరు కనిపిస్తుంది. మళ్లీ ఆల్ట్ ఎక్స్ కొడితే గుర్తు తిరిగి వస్తుంది. లిబ్రె ఆఫీస్‌లోనూ ఇదే పని చేస్తుంది.

20బి9 వస్తే అసలైన ₹. 20ఎ8 వస్తే అది ₨, అంటే మన గుర్తు పుట్టకముందు నుంచీ ఉన్న పాత రూపాయి అక్షరం. చాలా సాఫ్ట్‌వేర్లలో 'రూపీ సైన్' అని వెతికితే ముందు ఇదే దొరుకుతుంది. మనది 'ఇండియన్ రూపీ సైన్'. ఇండియన్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

0060 వస్తే ఆశ్చర్యపోకండి. దాని వెనుక ఒక కథ ఉంది. 2010 జులై 15న కేంద్ర మంత్రివర్గం ఉదయ కుమార్ గీసిన ₹ రూపాన్ని ఆమోదించింది. నంబరు ఇంకా రాలేదు, జనానికేమో ఆత్రం. మంగళూరులోని ఒక కంపెనీ కొన్ని రోజుల్లోనే ఉచితంగా ఒక ఫాంటు విడుదల చేసింది. ట్యాబ్ కీ పైన ఉండే ` గుర్తు స్థానంలో ₹ బొమ్మ పెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో ₹ కనిపిస్తుంది, లేని చోట `500 అని కనిపిస్తుంది. ఆ రోజుల్లో అదొక్కటే దారి కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ అప్పటి టెండర్ ఫారాలు, రేట్ల పట్టికలు ఇప్పటికీ కాపీ అవుతూనే ఉన్నాయి, అంకెల ముందు ఆ ` తిరుగుతూనే ఉంది.

2. ఫాంటు

మీ ఫాంటులో ₹ ఉందో లేదో తెలియాలంటే కంటితో చూస్తే చాలదు. ఫాంటులో లేకపోతే విండోస్ గుట్టుగా ఇంకో ఫాంటు నుంచి తెచ్చి చూపిస్తుంది. మీరు ఉందనుకుంటారు. ప్రింటుకు ఇచ్చినప్పుడు అసలు రంగు బయటపడుతుంది.

విండోస్‌లో క్యారెక్టర్ మ్యాప్ తెరవండి. పైన మీ ఫాంటు ఎంచుకోండి. కింద అడ్వాన్స్‌డ్ వ్యూ టిక్ చేసి, గో టు యూనికోడ్ గడిలో 20బి9 కొట్టండి. గుర్తు వచ్చి నిలబడితే ఉన్నట్టు. తెలుగుకు ఒక ఫాంటు, ఇంగ్లీషుకు ఒక ఫాంటు వాడే బిల్లుల్లో రెండింటినీ విడివిడిగా చూడండి.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసే డీటీపీ సెంటర్లకు ఒక మాట. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందులో 20బి9 పడాలని ఎంత కుస్తీ పట్టినా పడదు. పైన చెప్పిన పాత ` ఫాంటు వాడుకోండి, లేదా ₹ని చిన్న బొమ్మగా పెట్టుకోండి. ముద్రణకు పోయే పెళ్లి కార్డుకు, కరపత్రానికి ఇది చాలు. కానీ అదే మ్యాటర్ ఎవరికైనా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో టెక్స్ట్‌గా పంపాలంటే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే.

3. కీబోర్డు

కీ మీద ₹ ముద్ర ఉన్నంత మాత్రాన అది పడదు. కీబోర్డు పంపేది 'నాలుగో కీ నొక్కారు' అన్న కబురు మాత్రమే. దాన్ని 4 చేయాలా, $ చేయాలా, ₹ చేయాలా అన్నది విండోస్‌లో మీరు ఎంచుకున్న లేఅవుట్ చెబుతుంది.

విండోస్‌లో: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి, ఇంగ్లీష్ ఇండియా భాష కింద కీబోర్డుగా 'ఇంగ్లీష్ ఇండియా' చేర్చండి. తర్వాత కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి. ఎడమ ఆల్ట్ కాదు, కుడి ఆల్ట్. కుడి ఆల్ట్ పాడైన కీబోర్డు అయితే కంట్రోల్, ఎడమ ఆల్ట్ కలిపి పట్టుకుని 4.

ఇక్కడ పదిమందిలో తొమ్మిది మంది పడే గుంట ఒకటుంది. భాష ఇంగ్లీష్ ఇండియానే ఉంటుంది, దాని కింద కీబోర్డు మాత్రం యూఎస్ ఉంటుంది. టాస్క్‌బార్‌లో కుడి మూల భాష పేరు మీద నొక్కి, కింద చిన్న అక్షరాల్లో ఏ కీబోర్డు అని రాసుందో చదవండి. యూఎస్ అని ఉంటే ఎన్నిసార్లు నొక్కినా ₹ పడదు.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేవాళ్లు కూడా కుడి ఆల్ట్‌తో 4 ప్రయత్నించండి. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ఇచ్చిన ఐఎస్ 16350 అనే మెరుగుపరిచిన ఇన్‌స్క్రిప్ట్ ప్రమాణంలో ₹ చోటు అదే. పాత విండోస్‌లో పడకపోతే ఆశ్చర్యం లేదు. విండోస్ 7కు ₹ వచ్చిందే 2011లో విడిగా ఇచ్చిన అప్‌డేట్‌తో. అది వేయని మెషీన్లు పాత ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

లినక్స్‌లో: 'ఇంగ్లీష్, ఇండియా, విత్ రూపీ' అన్న లేఅవుట్ ఎంచుకుంటే కుడి ఆల్ట్‌తో 4 పడుతుంది. లేఅవుట్ మార్చడం ఇష్టం లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, వదిలి, 20బి9 కొట్టి ఎంటర్. అన్నట్టు ₹ని పుట్టుకతోనే తెచ్చిన మొదటి ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు 10.10. 2010 అక్టోబరు 10న వచ్చింది, యూనికోడ్‌లో ₹ అధికారికంగా అచ్చవడానికి సరిగ్గా ఒక రోజు ముందు!

మ్యాక్‌లో: కంట్రోల్, కమాండ్, స్పేస్ కలిపి నొక్కితే అక్షరాల పెట్టె తెరుచుకుంటుంది. అందులో రూపీ అని వెతికి, ఇష్టమైనవాటిలో దాచుకోండి.

ఫోనులో: కీబోర్డు భాషగా ఇంగ్లీష్ ఇండియా గానీ తెలుగు గానీ పెట్టుకుంటే అంకెల పేజీలో ₹ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో $ మీద వేలు నొక్కి పట్టుకున్నా వస్తుంది.

ఆల్ట్ పట్టుకుని 8377 కొట్టమని చాలాచోట్ల రాస్తారు. వర్డ్‌లో పని చేస్తుంది, చాలా సాఫ్ట్‌వేర్లలో పని చేయదు. ₹ బదులు ╣ పడుతుంది. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్లు 8377ను 256తో భాగించి శేషం 185 తీసుకుంటాయి. పాత డాస్ పట్టికలో 185వది ╣. ఈ 185ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వర్డ్‌లో అయితే 20బి9 కొట్టి వెంటనే ఆల్ట్ ఎక్స్ నొక్కడం అన్నిటికన్నా తేలిక. ముందు ఏదైనా అంకె ఉంటే మధ్యలో ఒక ఖాళీ వదలండి, లేకపోతే ఆ అంకెను కూడా నంబరులో కలిపేసుకుంటుంది.

4. ఫైళ్లు, ఎక్సెల్, డేటాబేస్

ఎక్సెల్ గడిలో ₹ని చేత్తో కొట్టకండి. కంప్యూటరు ప్రాంతీయ సెట్టింగు ఇండియా కాకపోతే ₹500ను ఎక్సెల్ అంకెగా కాక మాటగా తీసుకుంటుంది. అప్పుడు కింద కూడిక సున్నా వస్తుంది. గడిలో 500 మాత్రమే కొట్టి, కంట్రోల్ 1 నొక్కి, కరెన్సీలో ₹ ఎంచుకోండి. అంకె గడిలో కుడి పక్కకు ఆనుకుని ఉంటే అంకెగా ఉన్నట్టు. ఎడమ పక్కకు వెళ్లిందంటే మాట అయిపోయినట్టు.

సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకమే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే ₹ అన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, తెలుగు పేర్లు కూడా. ఎవరో పంపిన సీఎస్‌వీని డబుల్ క్లిక్‌తో తెరవకండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ నుంచి తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 ఎంచుకోండి. అది యూటీఎఫ్-8 నంబరు.

డేటాబేస్ విషయంలో నా సలహా ఒక్కటే, దీన్ని మాత్రం వదలకండి: గుర్తును డేటాబేస్‌లో పెట్టకండి. మొత్తం ఒక గడిలో అంకెగా, కరెన్సీ ఇంకో గడిలో మూడక్షరాల కోడ్‌గా. మన రూపాయికి అది ఐఎన్ఆర్, రియాల్‌కు ఎస్ఏఆర్. గుర్తు తెర మీద చూపించేటప్పుడు, కాగితం మీద ముద్రించేటప్పుడు చేర్చుకోండి. ₹ వచ్చినా ఐఎన్ఆర్ మారలేదు, రియాల్ గుర్తు వచ్చినా ఎస్ఏఆర్ మారలేదు. మీరు రోజూ స్కాన్ చేసే యూపీఐ క్యూఆర్‌లో కూడా కరెన్సీ ఐఎన్ఆర్ అనే ఉంటుంది, ₹ ఉండదు.

అయినా వివరాల గడిలో, రిమార్కుల గడిలో మనుషులు ₹ కొడుతూనే ఉంటారు. అందుకని:

మైఎస్‌క్యూఎల్ అయితే పట్టిక, గడి, కనెక్షన్ మూడూ యూటీఎఫ్8ఎంబీ4లో (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) ఉన్నాయో లేదో చూడండి. పట్టిక మార్చి కనెక్షన్ మరిచిపోవడం మామూలు తప్పు. గడి లాటిన్1 అనే పాత పశ్చిమ యూరప్ అక్షరాల జాబితాలో ఉంటే ఎర్రర్ ఇస్తుంది, లేదా చప్పుడు చేయకుండా ? పెడుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే గడి ఎన్‌వార్‌కార్ రకం ఉండాలి. అంతేకాదు, క్వెరీలో మాట ముందు ఎన్ అక్షరం పెట్టాలి. గడి సరిగ్గానే ఉండి, ఆ ఒక్క ఎన్ మరిచిపోయి సాయంత్రం దాకా తల గోక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎలా సరిచూడాలి: ₹ ఉన్న ఒక వరుస చేర్చి, సాఫ్ట్‌వేర్ మూసి, మళ్లీ తెరిచి చదవండి. కొట్టిన వెంటనే తెర మీద కనిపించేది సాక్ష్యం కాదు, అది ఇంకా డేటాబేస్ దాకా వెళ్లి ఉండకపోవచ్చు.

5. వెబ్ పేజీ

పేజీ తలలో యూటీఎఫ్-8 అని ప్రకటించండి, ఫైలును కూడా యూటీఎఫ్-8లోనే సేవ్ చేయండి. అలా ప్రకటించి ఇంకోలా సేవ్ చేస్తేనే చెత్త అక్షరాలు. మీ చేతిలో లేని పాత సర్వర్ అయితే ₹ బదులు ₹ అని రాయండి, ఎక్కడైనా పడుతుంది.

గూగుల్ ఫాంట్లు దింపుకుని సొంతంగా పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించండి. ఆ ఫాంట్లు ముక్కలుగా వస్తాయి. ₹ ఉండేది తెలుగు ముక్కలో కాదు, మామూలు లాటిన్ ముక్కలోనూ కాదు, లాటిన్ ఎక్స్‌టెండెడ్ ముక్కలో. దాన్ని వదిలేస్తే అంకెలు ఒక ఫాంటులో, ₹ ఇంకో ఫాంటులో సన్నగానో లావుగానో పడుతుంది. పెళ్లి భోజనంలో ఒక్క విస్తరి వేరుగా వేసినట్టు ఉంటుంది.

₹కి, అంకెకి మధ్య ఖాళీ వద్దు. ఖాళీ పెడితే వరుస చివర ₹ మిగిలి, అంకె కిందికి దిగిపోతుంది. ఇంకోటి, '₹500 రూపాయలు' అని రాయకండి. ఏదో ఒకటి చాలు. తెలుగు వాక్యంలో అయితే నాకు ఇప్పటికీ 'రూ.500' అనే కంటికి హాయి.

6. పీడీఎఫ్, ప్రింటరు

చిన్న ఒకటి సంగతి చెబుతానన్నాను కదా. కొన్నేళ్ల క్రితం ఒక హార్డ్‌వేర్ షాపుకు వెబ్ పేజీ నుంచి పీడీఎఫ్ బిల్లు వచ్చేలా నేనే రాసిచ్చాను. తెర మీద ₹ బ్రహ్మాండంగా కనిపించింది. మర్నాడు షాపాయన ఫోను: "ఏవండీ, ఐదు వందల బిల్లుకు పదిహేను వందలు అడుగుతున్నారని కస్టమర్ గొడవ చేస్తున్నాడు." పీడీఎఫ్ తెరిచి చూస్తే ¹500. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం 1500.

జరిగింది ఏమిటంటే, పీడీఎఫ్‌లో పుట్టుకతో వచ్చే 14 ఫాంట్లలో ₹ లేదు. వాటిని వాడే కొన్ని లైబ్రరీలు 8377ను ఒక బైటులో ఇరికించబోయి శేషం తీసుకుంటాయి. ఆ శేషం మళ్లీ మన 185. పశ్చిమ యూరప్ అక్షరాల పట్టికలో 185వది ¹. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, బిల్లు మాత్రం మూడింతలు కనిపిస్తుంది.

మందు: ₹ ఉన్న ఒక ట్రూటైప్ ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదగండి. నోటో సాన్స్ లాంటివి ఉచితం. అది కుదరకపోతే ఇంగ్లీషులో మామూలుగా రాసే ఆర్ఎస్ చుక్క పెట్టండి. అవమానమేమీ లేదు.

ఎలా సరిచూడాలి: పరీక్ష బిల్లును 500తోనే చేయండి. 12,345తో చేస్తే చిన్న ఒకటి కంటికి ఆనదు. పీడీఎఫ్‌ను మీ కంప్యూటరులో కాక, ఫోనులో తెరిచి చూడండి. ఆ తర్వాత పీడీఎఫ్‌లోని ₹ని కాపీ చేసి వర్డ్‌లో అతికించి ఆల్ట్ ఎక్స్.

కిరాణా షాపుల్లో ఉండే చిన్న థర్మల్ ప్రింటర్ల గోల వేరు. వాటిలో అక్షరాల పట్టిక ప్రింటరు లోపలే ఉంటుంది, చాలావాటిలో ₹ ఉండదు. మూడు దారులున్నాయి. ఆర్ఎస్ అని ఇంగ్లీషులో ముద్రించడం, బిల్లు మొత్తాన్ని బొమ్మగా పంపడం, లేదా ప్రింటరుకు సొంత అక్షరం నేర్పడం. మూడోది చేయగలిగితే బాగుంటుంది: అడ్డం 12, నిలువు 24 చుక్కల గళ్లలో ₹ గీసి ప్రింటరుకు పంపాలి. కరెంటు పోయి వస్తే మరిచిపోతుంది కాబట్టి ప్రతి బిల్లు ముందూ పంపాలి. బొమ్మగా పంపితే తెలుగు కూడా ముద్రించుకోవచ్చు గానీ ప్రింటరు నత్తనడక నడుస్తుంది. జనం క్యూలో ఉండే షాపుకు నేను మొదటిదే చెబుతాను.

7. ఎస్సెమ్మెస్

ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. ఆ మెసేజ్‌లో ఒక్క ₹ చేరితే పరిమితి 70కి పడిపోతుంది. ఎస్సెమ్మెస్ వాడే చిన్న పట్టికలో ₹ లేదు కాబట్టి మొత్తం మెసేజ్ పెద్ద పట్టికకు మారిపోతుంది. 150 అక్షరాల మెసేజ్ ఒకటి కాస్తా మూడు ముక్కలవుతుంది, బిల్లూ మూడు ముక్కలకు పడుతుంది. వేలల్లో పంపేవాళ్లు ఆర్ఎస్ అని రాసుకోవడమే మేలు. తెలుగులో పంపే మెసేజ్ ఎలాగూ 70 లెక్కలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ₹ పెడితే అదనపు ఖర్చు లేదు.

వ్యాపార ఎస్సెమ్మెస్‌ల నమూనాలు ముందే నమోదు చేయాల్సిన డీఎల్‌టీ వ్యవస్థలో, మీరు నమోదు చేసిన టెంప్లేట్‌లో ఏది ఉంటే పంపేటప్పుడూ అదే ఉండాలి. టెంప్లేట్‌లో ఆర్ఎస్ పెట్టి మెసేజ్‌లో ₹ పెడితే అది కస్టమర్‌కు చేరదు.

పాత ఫైళ్లు శుభ్రం చేయడం

` ఉన్న పాత వర్డ్ ఫైళ్లలో కంట్రోల్ హెచ్ నొక్కండి. ఫైండ్ గడిలో ` పెట్టి, మోర్ కింద ఫార్మాట్‌లో ఆ పాత రూపాయి ఫాంటు పేరు ఎంచుకోండి. రీప్లేస్ గడిలో ₹ పెట్టి, మీ మామూలు ఫాంటు ఎంచుకోండి. ఫాంటు ఎంచుకోకుండా రీప్లేస్ ఆల్ కొట్టకండి, నిజంగానే ` కావాల్సిన చోట్ల కూడా ₹ పడుతుంది. ₨లను కూడా గుడ్డిగా మార్చకండి. శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్ రూపాయల గురించి రాసిన ఫైలు అయితే అక్కడ ₨ ఉండటం సబబే.

ప్రశ్నార్థకాలుగా మారిపోయిన డేటాకు బ్యాకప్ ఒక్కటే గతి. అంకె ముందు ? ఉన్న చోటల్లా ₹ పెట్టేద్దాం అని ఒకాయన అన్నాడు. ఆ ఫైలులో డాలర్లు ఎలాగూ బతికే ఉన్నాయి కానీ, కొన్ని ?లు అంతకుముందు యూరోలు!

రియాల్ లాంటి కొత్త గుర్తు వచ్చినప్పుడు

సౌదీ అరేబియా 2025 ఫిబ్రవరి 20న రియాల్ గుర్తును ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 17.0లో దానికి 20సి1 నంబరు ఇచ్చారు. మామూలు లెక్కలో 8385, మన ₹కు ఎనిమిది ఇళ్ల అవతల. ఫాంట్లు, ఫోన్లు దాన్ని అందుకోవడానికి టైం పడుతుంది. ₹కి పదిహేనేళ్ల క్రితం మనం పడ్డ పాట్లన్నీ ఇప్పుడు వాళ్లు పడుతున్నారు, ` లాంటి దొంగ ఫాంట్లతో సహా.

అక్కడ పని చేసేవాళ్లకు నేను చెప్పే జాగ్రత్తలు ఇవి. పాత అరబిక్ రియాల్ అక్షరం ఒకటుంది, దాని నంబరు 65020. మన ₨ లాంటిదే అది, కొత్త గుర్తు కాదు. కొత్త గుర్తు బొమ్మను ఏదో ఖాళీ నంబరులో దాచిన ఫాంట్లు వాడితే మీ కంప్యూటరులో కనిపిస్తుంది, అవతలివాళ్లకు డబ్బా పడుతుంది. బయటికి వెళ్లే ఇన్‌వాయిస్‌లో అన్ని ఫాంట్లూ సర్దుకునేదాకా ఎస్ఏఆర్ అన్న మూడక్షరాలే పెట్టండి.

గుర్తుకు నంబరు ఎలా వస్తుందని కూడా అడుగుతుంటారు. యూనికోడ్ వాళ్లకు ప్రతిపాదన పంపాలి. అందులో గుర్తు రూపం, పేరు, దాన్ని ఎవరు ఆమోదించారన్న ఆధారం, అది కరెన్సీ గుర్తుల జాతికి చెందిందన్న వివరం, ముద్రించడానికి ఫాంటు ఉండాలి. ఎవరైనా పంపవచ్చు, కానీ నేను గీశాను కాబట్టి ఇవ్వండి అంటే ఇవ్వరు. నోట్లు ముద్రించే ప్రభుత్వమో బ్యాంకో అధికారికంగా స్వీకరించి ఉండాలి, లేదా జనం విరివిగా రాస్తున్నట్టు ఆధారాలు చూపాలి. బిట్‌కాయిన్ గుర్తు 2017లో రెండో దారిలోనే వచ్చింది. ఒకసారి ఇచ్చిన నంబరు మార్చరు, వెనక్కి తీసుకోరు. అందుకే మామూలు అక్షరాలకు ఏళ్లు పట్టినా పట్టించుకోరు గానీ, కరెన్సీ గుర్తులకు మాత్రం తొందరపడతారు. ₹కి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుందని మన ప్రభుత్వం అప్పట్లో అంచనా వేసింది. మూడు నెలలు నిండకుండానే, 2010 అక్టోబరు 11న, యూనికోడ్ 6.0లో వచ్చేసింది. 2012లో టర్కీ లిరా కోసమైతే 6.2 అని ఒక వెర్షనే వేశారు, అందులో కొత్తగా చేరిన అక్షరం ₺ ఒక్కటే.

నంబరు వచ్చింది, కీబోర్డు లేఅవుట్ ఇంకా రాలేదు. అప్పుడు సొంతంగా కీ పెట్టుకోవచ్చు. విండోస్‌లో ఇలా:

1. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ 'కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్' దింపుకోండి.
2. లోడ్ ఎగ్జిస్టింగ్ కీబోర్డ్‌లో మీరు ఇప్పుడు వాడుతున్న లేఅవుట్ తెరవండి. ఖాళీ దానితో మొదలుపెడితే వంద కీలు చేత్తో నింపాల్సి వస్తుంది.
3. పక్కన ఆల్ట్, కంట్రోల్ కలిపిన స్థితిని టిక్ చేయండి. కుడి ఆల్ట్ నొక్కినప్పుడు ఏం పడాలో ఇక్కడ పెడతాం.
4. ఖాళీగా ఉన్న ఒక కీ మీద నొక్కి, యూ, కూడిక గుర్తు, 20సి1 వరసగా కొట్టండి. ₹ ఉన్న 4 మీద పెట్టకండి, $నీ తీసేయకండి. ఉన్నదాన్ని పీకి కొత్తది పెడితే పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెలుస్తుంది బాధ.
5. పేరు మార్చి, ప్రాజెక్ట్ మెనూ నుంచి సెటప్ ప్యాకేజీ తయారు చేసి ఇన్‌స్టాల్ చేయండి. సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి, లేకపోతే కొత్త లేఅవుట్ జాబితాలో కనిపించకపోవచ్చు.
6. వర్డ్ తెరిచి కుడి ఆల్ట్‌తో ఆ కీ నొక్కండి. డబ్బా పడితే కంగారు పడకండి, ఆల్ట్ ఎక్స్ కొట్టండి. 20సి1 అని వస్తే మీ పని అయిపోయినట్టే. మిగిలింది ఫాంటు వాళ్ల పని.